నీళ్ళెరగని దుబ్బు

వానకు ఇంకా 43 రోజులు

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, ఈ ఊరికి ఇంకా పేరు పెట్టకముందు, నారాయణప్ప మైనం పొయ్యి గట్టు మీద చెయ్యి పెట్టి నాకు మాటిచ్చాడు. పిలకల కోసం విడిగా ఉంచిన పడమటి మడిలో చుక్క నీరు పడనీయనన్నాడు. అక్కడి జెముడుకు కత్తి తగలనీయనన్నాడు. ఎనిమిదేళ్ళు నిలబెట్టుకున్నాడు. తొమ్మిదో ఏట వాళ్ళమ్మ పోతే ఆమెను సరిగ్గా ఆ మడిలోనే పూడ్చి, తలాపునున్న జెముడు దుబ్బుకు పదకొండు రోజుల పాటు ఆమె వాటా నీళ్ళు పోశాడు. వెళ్ళి నిలదీస్తే "అమ్మ కదా సామీ" అన్నాడు. అంతే.

ఇది పొయ్యి పుస్తకం. ఎంత జెముడు ఉడికింది, ఎంత మైనం తేలింది, వానకు ఎన్ని రోజులుంది, ఇంతవరకే ఇందులో రాయాలి. పద్నాలుగేళ్ళు నేనే రాశాను. మైనం సంగతులతో పాటు మనుషుల సంగతులు కూడా రాస్తున్నానని పంచాయితీ నా చేతిలోంచి లాక్కుంది. ఇవాళ మారెక్క దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మారెక్క నారాయణప్ప కూతురు. నాన్న పోయాక ఊరి పెద్దరికం ఆమెదే.

"తాతా, ఇప్పుడు పొయ్యి చూసుకునే ఎర్రిసామి రాసింది చదివినా. గంగాళం నిండా ఉడికించినా గరిటెడు తేలలేదంట. నువ్వొచ్చి చూడు."

"ఇరవై ఏండ్లు గొంతు చించుకుంటే ఎవురూ ఇనలేదు గదమ్మా."

"ఇప్పుడు ఇంటాండా గదా, చెప్పు."

"ఇప్పుడు చెప్పేదేముండాది? చూసేదే."

చూస్తానన్నాను. జాలితో కాదు. నేను చెప్పింది నిజమయ్యే రోజు కళ్ళారా చూడాలని ఉంది.

వానకు ఇంకా 41 రోజులు

పొయ్యి దగ్గర ఎర్రిస్వామి ఉన్నాడు. మనిషి మంచివాడు, చేతులు పనిమంతులవి, అంకెలు వెయ్యడం తప్ప చదువు ఒంటపట్టలేదు. వంద కిలోల జెముడు కాడలు గంగాళంలో వేసి, బోరు ఉప్పునీళ్ళు పోసి, కొలతగా ఆసిడ్ కలిపి, కాడలు పైకి లేవకుండా ఇనుప జల్లెడ అదిమాడు. మరుగు పట్టాక నురగ లేవాలి. నా రోజుల్లో బూడిదరంగు నురగ జానెడు ఎత్తున లేచి, గరిటెతో తీసేకొద్దీ మళ్ళీ లేచేది. ఇవాళ పాలు కాగినప్పటి మీగడంత తేలి, అక్కడే ఆగిపోయింది.

"జెముడు ఉడికించినట్టు లేదు సామీ," అన్నాడు ఎర్రిస్వామి. "పొన్నగంటి కూర ఉడికించినట్టుండాది. ఇంత ఉప్పేస్తే సంగటిలోకి నంజుకోవచ్చు."

తేలినది ఆరబెట్టి తూచాం. వందకు నాలుగు కిలోలు రావలసిన చోట ముప్పాతిక కిలో.

ఉడకని కాడ ఒకటి తీసి విరిచాను. పాలకు బదులు నీళ్ళు చిమ్మాయి. గోటితో గీకాను. మంచి జెముడైతే గోరు కింద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఇవాళ నా గోరు శుభ్రంగా ఉంది.

ఈ ఊళ్ళో ఉన్నవి రెండు వందల పన్నెండు పుస్తకాలు. అన్నీ కనీసం మూడుసార్లు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ ఈ సంగతి తెలియడానికి పుస్తకం అక్కర్లేదు. జెముడు మైనం చేసేది మన కోసం కాదు. ఒంట్లో ఉన్న కాస్త తడి ఎండకు పోకుండా తనకు తాను కప్పుకునే దుప్పటి అది. దాహం పెరిగేకొద్దీ దుప్పటి మందమవుతుంది. అడగకుండానే నీళ్ళు దొరికే చెట్టుకు దుప్పటెందుకు?

"దక్షిణపు చేనంతా ఏ దుబ్బు పిలకలతో నాటినారు?" అని అడిగాను.

"నారాయణప్ప పెద్దాయన సమాధి దుబ్బువే. ఊరంతట్లో అదే గదా బలంగా ఉండేది. పైగా ఆయన చెయ్యి పడినట్టుంటుందని."

ఇదీ ఈ ఊరు చేసిన ఘనకార్యం. చచ్చినవాళ్ళకు ప్రేమతో నీళ్ళు పోశారు. పోసిన దుబ్బులు పచ్చగా బలిశాయి. బలిసిన వాటిని చూసి పెద్దల దీవెన అనుకుని వాటి పిలకలనే చేలలో నాటారు. వాటిలో మళ్ళీ బలిసినవి ఏరి మళ్ళీ నాటారు. సన్నగా, బూడిదరంగులో, చూడ్డానికి దరిద్రంగా ఉండే పాత జెముడును పీకి పొయ్యిలో పెట్టారు. పాతదాంట్లో చివరి మడి రెండేళ్ళ కిందట అయిపోయింది. పిలక తల్లి అలవాటే నేర్చుకుంటుంది. ఇప్పుడు మా చేనంత అందమైన చేను ఈ ఎడారిలో ఇంకొకటి లేదు. మైనమే లేదు.

వానకు ఇంకా 38 రోజులు

రచ్చబండ దగ్గర ఊరంతా కూర్చుంది. నూట నలభై ఆరు మంది.

మారెక్క దాచిపెట్టకుండా చెప్పింది. వాన నీళ్ళు పట్టే గుంటకు ఈ ఏడు పూత వెయ్యడానికి అరవై కిలోలు కావాలి. చేతిలో ఉన్నది తొమ్మిది. చేను మొత్తం కోసి ఉడికించినా ఇంకో ఆరు. వానకు అయిదు రోజుల ముందు, ఏడాదికొక మబ్బు చొప్పున ఊళ్ళకు పంచే కేంద్రం నుంచి పరీక్ష చేసేవాళ్ళు వస్తారు. గుంట కారితే మా మబ్బు మా మీదికి రాదు, వరసలో తరవాతి ఊరికి పోతుంది. వాన తప్పిన ఊరి పేరు జాబితాలోంచి తీసేస్తారు. జనాన్ని బండ్లెక్కించి సముద్రం ఒడ్డు గుడారాలకు తోలతారు. పోయిన ఏడు కొట్టాలపల్లెను అట్లాగే తోలారు. అక్కడికి పోయినవాళ్ళ దగ్గర్నుంచి మాకు ఒక్క కబురూ రాలేదు.

నన్ను చెప్పమంటే చెప్పాను. కడపటి చెంబు ఇవాళ్టి నుంచి మానాలన్నాను. కడపటి చెంబంటే ఇక్కడి ఆచారం: మనిషి పోయాక పదకొండు రోజులు ఆ మనిషి వాటా నీళ్ళు సమాధి మీది దుబ్బుకు పోస్తారు. మొదట్లో అంతే. తరవాత ఏడాదికొకసారి అన్నారు. తరవాత ప్రతి అమావాస్యకూ అన్నారు. ఇప్పుడు కొందరిళ్ళలో బతికున్నవాళ్ళ నోళ్ళు ఎండబెట్టి మరీ పోస్తున్నారు.

బసమ్మ లేచింది. నా కంటే రెండేళ్ళు చిన్న, నా కంటే పది రెట్లు నోరు. తన మొగుడి దుబ్బుకు నెలకు నాలుగు చెంబులు పోస్తుంది.

"చెట్టుకు నీళ్ళు పోస్తే చెడిపోతుందని చెప్పినోణ్ణి నిన్నే చూస్తి సామీ. ఇంగ బిడ్డకు పాలిస్తే చచ్చిపోతుందని చెప్తావేమో!"

జనం నవ్వారు. ఊరు పోయే దినాన కూడా బసమ్మ మాటకు నవ్వుతారు.

"నవ్వండప్పా," అన్నాను. "గుడారాల్లో నవ్వడానికి తీరిక దొరకదు."

"అది కాదు సామీ. నీ మాట మేమెట్ల ఇనేది? కట్టుకున్న పెండ్లానికే చెంబు నీళ్ళు పొయ్యనోడివి. హనుమక్క దుబ్బును చూసినామా, ముండ్లకంప మాదిరి ఉండాది. మా ఇండ్లల్లో పిల్లోళ్ళు ఆ పక్కకు పోవాలంటే భయపడతారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

హనుమక్క నా భార్య. పోయి ఇరవై రెండేళ్ళయింది.

వానకు ఇంకా 35 రోజులు

ఇల్లిల్లూ తిరిగి మైనం పోగు చేస్తున్నాం. ఈ ఊళ్ళో మైనం లేని చోటు లేదు. దీపాలు మైనమే. ధాన్యం కాగుల మూతల చుట్టూ మైనం. చెప్పుల అతుకులకు, మైనగుడ్డ పంచలకు, ఎండకు పగిలిన పెదవులకు, బండి ఇరుసులకు, ఎర్రిస్వామి వాయించే డప్పు అంచులకు, అన్నిటికీ మైనమే. ఆ ఇంటి దీపం, ఈ ఇంటి మూత గీకి గీకి మూడు రోజుల్లో ఆరు కిలోలు చేశాం. ఎర్రిస్వామి తన డప్పు తనే గీకి, "ఇంగ దీన్ని కొడితే కుండ మోగినట్టుంటుంది" అన్నాడు.

సాయంత్రం మారెక్క వాళ్ళ నాన్న బొమ్మ తెచ్చింది. నారాయణప్ప చనిపోయిన ఏడు ఊరు మెచ్చి చేయించుకున్న మైనపు బొమ్మ. తలా, భుజాలూ. నాలుగు కిలోలు. పంచాయితీ గదిలో పన్నెండేళ్ళుగా అందరి దండాలూ అందుకుంటోంది.

"నువ్వే కరిగించు తాతా," అంది. "నా చేత కాదు."

కరిగించాను. ముందు ముక్కు పోయింది, తరవాత మీసం. నాకు సంతోషం కలగలేదని రాస్తే ఈ పుస్తకంలో అబద్ధం రాసినవాణ్ణవుతాను. మారెక్క అటు తిరిగి నిలబడింది. కరిగిపోయాక వచ్చి తనే గరిటెతో మడ్డి తీసింది. ఆ పిల్లలో వాళ్ళ నాన్న పోలిక తక్కువ.

వానకు ఇంకా 31 రోజులు

ఇవాళ పొద్దున హనుమక్క దగ్గర కూర్చున్నాను. ఆమె దుబ్బు నా గుడిసె వెనక రాళ్ళ వాలు మీద ఉంది. బసమ్మ అన్నట్టు ముండ్లకంపలాగే ఉంది. బూడిదరంగు, పుల్లలు పుల్లలు. ఊరికే గోటితో గీకాను. గోరు కింద తెల్లగా, మందంగా పేరుకుంది. వేళ్ళ మధ్య నలిపితే జారింది. ముప్పై ఏళ్ళ కిందట నేను చూసిన మైనం అదే.

అప్పుడు తట్టింది. ఈ నేల మీద చుక్క నీరు ఎరగని జెముడు ఇదొక్కటేనా? ఎవరూ పోయనివాళ్ళు ఇంకెవరున్నారు?

ఉన్నారు. పేరు లేనివాళ్ళ మడి. మేం ఈ చోటికి నడిచి వచ్చిన ఏడు మా వెనకే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. వచ్చి, మా పొలిమేరలో పడి చనిపోయారు. ఏ ఊరివాళ్ళో తెలియదు, ఏ కులమో తెలియదు, కొందరి భాష కూడా తెలియదు. గుట్ట అవతల నూట ఎనభై మందిని పూడ్చాం. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత జెముడు మొక్క నాటాం. ఆ తరవాత ఎవరు పోస్తారు వాళ్ళకు? మొదటి రెండేళ్ళు దండం పెట్టుకునేవాళ్ళం. తరవాత అదీ లేదు. నేనూ పోలేదు. అది కూడా రాస్తున్నాను.

మారెక్కను వెంటబెట్టుకుని గుట్ట దాటాను. ముప్పై ఒక్క ఏళ్ళ జెముడు. ఒక్కొక్కటి నడుమెత్తు. ఎండలో దుబ్బులన్నీ పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. మారెక్క ఒక కాడ విరిచి గోటితో గీకింది. గోరు చూసుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఎంత వస్తుంది తాతా?"

"దుబ్బుకు అయిదు కిలోల కాడ ఏసుకున్నా ముప్పై ఆరు కిలోల మైనం."

"కొయ్యొచ్చా?"

"కొయ్యొచ్చు. మీ జనం కొయ్యనిస్తారా అనేదే."

వానకు ఇంకా 30 రోజులు

కొయ్యడానికి వీల్లేదన్నారు. సమాధి మీది దుబ్బు నుంచి పిలక తీసుకోవచ్చు, కత్తి మాత్రం పెట్టకూడదు. అది కూడా నారాయణప్ప పెట్టిన కట్టుబాటే. పడమటి మడికి కత్తి తగలనీయనని నాకిచ్చిన మాటను తీసుకుపోయి శవాలకు తగిలించాడు.

"వాళ్ళకు ఎవురూ లేరని గదా కోస్తామంటాండారు," అంది బసమ్మ. "దిక్కు లేనోళ్ళకు ఒక న్యాయం, మనోళ్ళకు ఒక న్యాయమా?"

ముప్పై ఏళ్ళు ఒక్క చెంబు పోయని మనిషి నోటి నుంచి న్యాయం! నాకు ఒళ్ళు మండింది.

"వాళ్ళ మీద ఇంత ప్రేమ యాడ దాచిపెట్టుకున్నావమ్మా ఇన్నాళ్ళు?"

"ప్రేమ కాదు సామీ, భయం. మా మొగుడు నన్నేమీ అనడు. పేరు తెలీనోళ్ళు ఏమంటారో నాకేం తెలుసు? నువ్వు పెద్దోడివి, అన్నీ చదివినోడివి. పేరున్నోళ్ళది ముందు కొయ్యి. హనుమక్కది కొయ్యి. ఆ ఎనక మేమందరం కత్తులు తెచ్చుకుంటాము."

అందరూ నా వైపు చూశారు. నేను కొయ్యనన్నాను. ఎందుకని అడిగారు. నా ఇష్టమన్నాను. ఇరవై రెండేళ్ళుగా ఆచారం లేదని, భయం లేదని, మైనం ఒక్కటే నిజమని చెప్పిన మనిషి అట్లా అన్నాడు. బసమ్మ మొహంలో కనబడినదాన్ని గెలుపు అనలేను. ఆశ్చర్యపోయింది.

మారెక్క లేచి నిలబడింది. "కట్టుబాటు మా నాయనది. నేను తీసేస్తాండా. పాపముంటే నా ఒక్కదానికే. రేపు పొద్దున్నే కత్తి పట్టుకొని నేను పోతా. వచ్చేటోళ్ళు రండి."

వానకు ఇంకా 22 రోజులు

కోత సాగుతోంది. మొదటి రోజు మారెక్కా ఎర్రిస్వామీ ఇద్దరే. రెండో రోజు పదకొండు మంది. ఇప్పుడు బసమ్మ తప్ప కత్తి పట్టగలిగిన వాళ్ళందరూ. వేరు పోకుండా బెత్తెడు వదిలి కొయ్యమన్నాను. వింటున్నారు. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వింటున్నారు.

ఎర్రిస్వామి ప్రతి దుబ్బు ముందూ వంగి మాట్లాడుతున్నాడు. "అన్నా, కోస్తాండా. ఏమనుకోవాకు." పక్కదాని దగ్గర "అక్కా, నీదీ కోస్తాండా" అంటాడు.

"ఎవురు అన్నో, ఎవురు అక్కో నీకెట్ల తెలుసురా?" అని అడిగాను.

"తప్పు పిలిస్తే వాళ్ళే నవ్వుకుంటారులే సామీ."

గంగాళంలో నురగ జానెడు లేచింది. గరిటె వాడి చేతిలోంచి నేను తీసుకున్నాను. పొయ్యి వేడి మొహానికి తగిలి చాలా ఏళ్ళయింది. నురగ తీసేకొద్దీ లేచింది. ఊళ్ళో ఆడవాళ్ళు బిడ్డల్ని ఎత్తుకొచ్చి చూపించారు.

వానకు ఇంకా 9 రోజులు

గుంటకు పూత వేస్తున్నాం. కరిగిన మైనం కుంచెతో పూసి, కాల్చిన ఇనుప పలకతో ఇస్త్రీ చేసినట్టు రుద్దాలి. రుద్దిన చోట నేల నల్లగా మెరుస్తుంది. అడుగంతా అయింది, మూడు గోడలూ అయ్యాయి. నాలుగో గోడ ఈశాన్య మూలకు వచ్చేసరికి డబ్బా అడుగు గీకుతున్నారు.

తీసుకొచ్చింది మొత్తం పూసేశాం. పేరు లేనివాళ్ళ దుబ్బుల్లో కొన్ని ఎప్పుడో ఎండిపోయి ఉన్నాయి. నా అంచనా తప్పింది. ఈశాన్య మూలలో ఒక చాప పరిచినంత మేర ఎర్రమట్టి అట్లాగే మిగిలింది. కిలో, కిలోంబావు ఉంటే చాలు.

"మేక కొవ్వు కలిపి రుద్దితే?" అన్నాడు ఎర్రిస్వామి.

"పరీక్షకు నిలబడదు. కొవ్వు వాసన వాళ్ళ పరీక్ష పెట్టెకు తెలిసిపోతుంది."

ఎవరూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి వాళ్ళు పడుతున్న తంటాలు నాకు కనిపించాయి. ఒకడు కుంచె వెంట్రుకలు లెక్కబెడుతున్నాడు.

మధ్యాహ్నం బసమ్మ ఒక్కతే నా గుడిసెకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సామీ, ఆ పొద్దు నేనన్నది ఎగతాళికి. ఇయ్యాల అడుగుతాండా. నా మనవరాలికి ఎనిమిదో నెల. గుడారాల్లో కనాల్సొస్తుంది."

"నీ మొగుని దుబ్బు కొయ్యగూడదా?"

"కోసినా సామీ. పొద్దున్నే కోసి ఉడికించినా. కుంకుడుకాయంత కూడా రాలేదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నేండ్లు నా నోరు కట్టుకొని పోసిన నీళ్ళు. యాడికి పోయినట్టు?"

ఆమెను ఏమైనా అనడానికి నా దగ్గర ఇరవై ఏళ్ళ మాటలున్నాయి. అవి పక్కన పెట్టి ఆమెను ఇంటి దాకా దిగబెట్టాను.

వానకు ఇంకా 8 రోజులు

కోశాను.

మారెక్క తోడు వస్తానంటే రమ్మన్నాను. కాడలు నేనే కోశాను, ఆమె పోగు చేసింది. కోస్తుంటే అడిగింది.

"అవ్వకు నువ్వు నీళ్ళెందుకు పొయ్యలేదు తాతా? మైనం కోసమే అయితే ఒక్క దుబ్బుతో ఏమైతుంది?"

ఎవరూ ఇట్లా అడగలేదు. తిట్టారు గాని అడగలేదు. కాబట్టి చెప్పాను. ఇక్కడా రాస్తున్నాను.

హనుమక్క జ్వరంతో తొమ్మిది రోజులు పడుకుంది. చివరి రోజు నా చెయ్యి పట్టుకుని, "నా పదకొండు రోజుల నీళ్ళు నాకే పొయ్యి సామీ. ఈ ఊర్లో ఒక్కనాడన్నా కడుపునిండా తాగలేదు" అంది. పోస్తానన్నాను. ఆమె పోయింది.

అంతకు పది రోజుల ముందే నేను రచ్చబండ మీద నిలబడి, నారాయణప్ప చేసింది తప్పని, దుబ్బుకు నీళ్ళు పోసేవాడు ఊరికి గొయ్యి తవ్వుతున్నాడని అరిచాను. వినేవాళ్ళు నలుగురైదుగురు ఉండేవాళ్ళు అప్పటికి. నేను గనక ఆ చెంబు ఎత్తితే ఆ నలుగురూ కూడా పోయేవాళ్ళు. మొదటి రోజు చెంబు పట్టుకుని దుబ్బు దాకా వెళ్ళాను. నారాయణప్ప దూరంగా నిలబడి చూస్తున్నాడు. వాడు నవ్వలేదు, అది ఒప్పుకుంటాను. కానీ చూస్తున్నాడు. చెంబు వెనక్కి తెచ్చి పక్కింటి మేకలకు పోశాను. పదకొండు రోజులూ అంతే. మేకలు తాగాయి.

ఆ నలుగురూ ఆ ఏడే నన్ను వదిలేశారు. పెళ్ళానికి నీళ్ళు పోయనివాడి మాట ఎవడు వింటాడు?

మారెక్క కాడల మోపు కట్టడం ఆపేసింది. ముప్పై రెండు కిలోలు తూగాయి. కిలోంబావు కంటే ఇంకాస్త ఎక్కువే తేలింది. రంగు కొంచెం పసుపు. గరిటె ఎర్రిస్వామికి ఇచ్చేసి నేను ఇంటికొచ్చాను. ఆ పూత నేను వెయ్యలేదు.

వానకు ఇంకా 5 రోజులు

కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయి. బండి దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా గుంటలోకి దిగి, నాలుగు మూలలా కొలత గొట్టాలు నిలబెట్టి నీళ్ళు పోసింది. గంటసేపు నీడలో కూర్చుని పెట్టె చూసుకుంది. మారెక్క ఇచ్చిన నీళ్ళు వద్దంది. వాళ్ళు ఊళ్ళలో నీళ్ళు తాగకూడదట.

గంట తరవాత లేచింది.

"మూడు మూలల్లో వెంట్రుకంత తగ్గింది. అది మామూలే, పరవాలేదు. ఈశాన్యం మూలలో మాత్రం అసలు తగ్గలేదండి. ఇది ఏదైనా కొత్త రకమా?"

"పాతది," అన్నాను.

"పిలకలుంటే మిగతా ఊళ్ళకు కూడా పంపిస్తారా? నేను రాసుకుంటాను. ఏ పేరుతో రాయమంటారు?"

మారెక్క నా వంక చూసింది. నేను నోరు తెరిచేలోపు బసమ్మ వెనక నుంచి గట్టిగా, "హనుమక్క జెముడని రాసుకో పాపా" అంది.

వాన

మూడు గంటలు కురిసింది, గుంట మీదే. ఎప్పటిలాగే గట్టు మీద నిలబడి చేతులు చాపినవాళ్ళకు తుంపర తగిలింది. గుంట నిండింది. ఒక్క చుక్క పోలేదు. ఇంతకంటే రాయబుద్ధి కాలేదు.

వాన పోయి 4 రోజులు

ఇవాళ పొద్దున గుడిసె వెనక మాటలు వినబడి వెళ్ళాను. ఆడవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లో చెంబులు, చెంబుల నిండా కొత్త నీళ్ళు. ముందు బసమ్మ. కోసిన దుబ్బు మొదలు చుట్టూ ముగ్గు వేసి ఉంది.

"ఊరిని నిలబెట్టిన తల్లి సామీ. నువ్వు పొయ్యకపోతే పొయ్యకపోతివి. మేము పోస్తాము."

కర్ర అడ్డం పెట్టి హనుమక్కకూ వాళ్ళకూ మధ్యన నిలబడ్డాను. వచ్చే ఏడు చేనంతా గుట్ట అవతలివాటితో పాటు ఈ మొదలు పిలకలతోనే నాటాలని, చుక్క పడితే మళ్ళీ అదే కథని, చెప్పగలిగినంత చెప్పాను. బసమ్మ వింటూ ఏడ్చింది. "ఒక్క చెంబే సామీ, ఒక్కటే" అంది. వద్దన్నాను. ఇరవై చెంబులూ ఒకటొకటిగా వెనక్కి పోయాయి.

ఇరవై రెండేళ్ళ తరవాత హనుమక్కకు కడుపునిండా పోయడానికి ఊరు ఊరంతా వచ్చింది. అడ్డం నిలబడ్డది మళ్ళీ నేనే.

అందరూ పోయాక మారెక్క ఉండిపోయింది. "తాతా, మా నాయన బొమ్మ కూడా ఆ గుంటలోనే పూత అయింది. ఇంగనన్నా ఆయన్ను వదిలెయ్యగూడదా?" అంది. మర్యాదగా అడిగింది, కాబట్టి ఆమెకు జవాబు చెప్పకుండా ఇక్కడ రాస్తున్నాను. పడమటి మడి ఒక్కటి పొడిగా మిగిలి ఉంటే ఈ ఊరికి పాత పిలకలు ఎప్పుడూ ఉండేవి. ఎవరు ఎవరికి ఎన్ని నీళ్ళు పోసుకున్నా నాకేమీ పట్టేది కాదు. రచ్చబండ ఎక్కేవాణ్ణి కాదు. హనుమక్క అడిగిన పదకొండు రోజుల నీళ్ళు పదకొండు రోజులూ నా చేత్తో పోసేవాణ్ణి. బసమ్మను క్షమించాను, ఊరిని క్షమించాను, నన్ను నేను క్షమించుకునే ప్రయత్నంలో ఉన్నాను. నారాయణప్పను క్షమించలేదు.